అక్క ఫోనులో నేను గుచ్చిన గుర్తులు

మా సంఘంలో ఒక మాట స్థిరపడిపోయింది. దారులు తెలియని అక్కకు తమ్ముడు వీడియో గేము ఆడించి దారులు నేర్పాడని, ఆ చదువుతోనే ఆమె ఇవాళ మైపాడు నుంచి విడవలూరు దాకా సముద్రం పక్కనున్న పాళేలన్నీ ఒంటరిగా తిరిగి వస్తోందని. పోయిన క్రిస్మస్ ముందు జరిగిన కూడికలో ఈ కారణం మీద నాకు శాలువా కప్పారు. కప్పేటప్పుడు నేను వద్దనలేదు. ఫోటోలో నవ్వుతూ కూడా ఉన్నాను.

ఆ మాట తప్పు. నేను ఆమెకు ఏం నేర్పానో, దానివల్ల ఏం జరిగిందో ఒకసారి నలుగురిలో నిలబడి చెప్పాను. ఆ చెప్పడం నుంచే ఈ మాట పుట్టింది. అందుకని ఈసారి రాస్తున్నాను. రాస్తే కనీసం మధ్యలో ఎవరూ ఆమెన్ అనరు.

నాకు యాభై దగ్గర పడుతున్నాయి. నెల్లూరులో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు ఉంది. పని లేని గంటల్లో గేములు ఆడతాను. ఓపెన్ వరల్డ్ గేములంటారు వాటిని. తెలియనివాళ్ల కోసం చెప్పాలంటే, తెర లోపల ఒక దేశం ఉంటుంది. కొండలు, ఏర్లు, ఊళ్లు, సంతలు అన్నీ ఉంటాయి. మనం ఒక మనిషి, మనకొక గుర్రం. ఎటు కావాలంటే అటు పోవచ్చు. కాని ఎటు పోవాలో వెతుక్కునే బాధ పెట్టరు. మనం కలవాల్సిన మనిషి నెత్తి మీద పసుపు గుర్తు ఒకటి వేలాడుతుంటుంది. తెర మూలలో చిన్న గుండ్రటి మ్యాపు ఉంటుంది. అందులో మన దగ్గర్నుంచి ఆ మనిషి దాకా ఒక గీత. కొన్ని గేముల్లో ఆ గీతను నేల మీదే పరిచేస్తారు.

ఈ గుర్తుల మీద ఆడేవాళ్లలో పెద్ద తగాదా ఉంది. గుర్తులుంటే చుట్టూ ఉన్న లోకం కనపడదని, వాటిని తీసేసి కళ్లతో చూసుకుంటూ పోవాలని ఒక వర్గం. నేను రెండో వర్గం. పొద్దుట్నుంచి స్క్రూలు విప్పినవాడికి, లేని ఊళ్లో లేని మనిషిని వెతికే ఓపిక ఎక్కడిదని ఇంటర్నెట్టులో ముక్కూమొహం తెలియనివాళ్లతో వాదించాను. అలా చాలా దేశాలు పూర్తి చేశాను. వాటిలో ఒక్క ఊరు ఎలా ఉంటుందో చెప్పమంటే ఇప్పుడు చెప్పలేను. మూలనున్న గుండ్రటి మ్యాపు మాత్రం గీసి చూపించగలను.

అక్క నాకంటే పెద్దది. మా ఇంటి మేడ మీద భాగంలో ఉంటుంది. బావ బతికున్నన్నాళ్లూ ఆయన బండి వెనక కూర్చుని తిరిగింది. వెనక కూర్చునేవాళ్లకు ముందున్నవాళ్ల వీపు తప్ప దారి కనపడదు. బావ పోయాక చర్చి ఆవరణలో స్కూటర్ నేర్చుకుంది. బాగానే నడుపుతుంది. నడిపి ఎక్కడికి చేరాలన్నదే ఆమెకు అందేది కాదు. ఒకసారి మైపాడు పోతానని బయల్దేరి, సూళ్లూరుపేట పోయే హైవే మీద చాలా దూరం వెళ్లి, సముద్రం ఎంతకీ రావడం లేదని నాకు ఫోన్ చేసింది. నేను దాన్ని సంఘంలో అందరికీ చెప్పాను. బాగా నవ్వారు.

మా సంఘంలో బైబిలు స్త్రీ అని ఒక పని ఉంది. పాత మిషను రోజుల నుంచి వస్తోంది. వారం వారం పాళేలకు పోయి, సభ్యుల ఇళ్లలో ఆడవాళ్లతో కూర్చుని, ఒక కీర్తన చదివి, జ్వరాలకీ కాన్పులకీ పరీక్షలకీ ప్రార్థన చేసి రావడం. ఆ పని చాలా ఏళ్లుగా చేస్తున్న పెద్దామెకు మోకాళ్లు పట్టేశాయి. ఆ చోటు తనకు కావాలని అక్క పాస్టరు అయ్యగారిని అడిగింది. జీవితంలో ఆమె నోరు తెరిచి ఇది నాకు కావాలనడం నేను వినడం అదే మొదలు.

"పాళేలు తిరగాలమ్మా. నీకు దారులు తెలీవు గదా," అన్నారు అయ్యగారు.

సంఘ పెద్దల్లో ఒకాయన, "సముద్రం రాకపోతే ఫోన్ చేస్తాదిలెండి," అన్నాడు. అక్కడ కూడా నవ్వారు. ఆ నవ్వు నేను పంచిపెట్టిందే కాబట్టి నేనూ కొంత నవ్వాను. అక్క నవ్వలేదు. చివరికి క్రిస్మస్ దాకా చూద్దాం, కుదిరితే జనవరి నుంచి పూర్తిగా నీకే అన్నారు. బయటికి వచ్చాక ఆమె నాతో ఒకటే అంది.

"దారి తప్పకుండా పోయ్యేది నేర్పించరా నాకు. ఇంకేం వద్దు."

నేర్పించడానికి నా దగ్గరున్నది గేము. కొట్టు మూసిన రోజు మధ్యాహ్నాలు ఆమెను టీవీ ముందు కూర్చోబెట్టి చేతిలో కంట్రోలర్ పెట్టాను.

"ఇదేందిరా, నేల మీద పసుపు గీత?"

"అది నీ దారక్కా. దాని మీద పో, చాలు."

"ఎవురు గీసినారు?"

"గేమే గీస్తుంది."

"అందరికీ కనపడతాదా?"

"నీ ఒక్కదానికే."

"అదేం దారిరా, ఒకరికే కనపడేది," అంది. అని గీత వదిలేసి, బావి దగ్గర నీళ్లు తోడుతున్న ఒక ఆడమనిషి దగ్గరికి నడిచింది. ఆ మనిషి ఈ ఏడు చలి ఎక్కువగా ఉందంది. నేను తెలుగులో చెప్పాను. అక్క అక్కడే నిలబడింది. ఆ మనిషి మళ్లీ ఈ ఏడు చలి ఎక్కువగా ఉందంది.

"ఈమెకేదో బాధ ఉందిరా. అదే మాట అంటా ఉంది."

"ఆమెకు ఒక్క మాటే రాసిపెట్టారక్కా."

"పాపం," అంది అక్క. వెళ్లేటప్పుడు ఆమెకు వెళ్లొస్తామని చెప్పమంది. అలా చెప్పడానికి బటన్ లేదన్నాను. ఆమెకు అది నచ్చలేదు.

ఆమెకు నేనిచ్చిన పని తేలికైనది. సముద్రం పక్కన ఒక జాలరి ఊళ్లో ముసలాయనకు మందు చేర్చాలి. గీత తిన్నగా ఊళ్లోకి పోయి, ఆరేసిన వలల మీదుగా సాగి, ఆయన గుమ్మం దగ్గర ఆగుతుంది. అక్క వలల దగ్గర ఆగిపోయింది.

"వల దాటకూడదు."

"అది నిజం వల కాదక్కా."

"నిజం కాకపోతే ఎందుకు ఆరేసినారు?"

వలల చుట్టూ తిరిగి అలల అంచున పోబోయి నీళ్లలో పడి చచ్చిపోయింది. గేము మళ్లీ ఊరి మొదట్లోకి తెచ్చి నిలబెట్టింది. మళ్లీ చుట్టూ తిరిగే పోయింది. దారిలో ప్రతి ఇంటి తలుపు దగ్గరా ఆగింది. అవి తెరుచుకోవు. గుర్తున్న ఇంటి తలుపొక్కటే తెరుచుకుంటుంది.

"మిగతా ఇళ్లలో ఎవురూ లేరా?"

"అవి ఇళ్లే కావక్కా. గోడ మీద తలుపు బొమ్మ వేశారంతే."

ఆ రోజుకి చాలంది. మందు ముసలాయనకు చేరలేదు.

నాకు విసుగొచ్చింది. తర్వాతి వారాల్లో ఆమె పక్కన కూర్చుని ఒకటే పాట పాడాను. గీత మీద పో. మూలనున్న మ్యాపు చూడు. మనుషుల్ని చూడకు, వాళ్లకు పని లేదు. వల తొక్కు, ఏమీ కాదు. ఆమె మొదట్లో ఎదురు చెప్పేది, తర్వాత మానేసింది. నేర్చుకోవాలని కదా వచ్చింది. నెల తిరిగేసరికి చూపు మూల నుంచి కదలకుండా ఊరు దాటి, వలలు తొక్కి, మందు ఇచ్చేసి వచ్చేది. బావి దగ్గర మనిషి చలి సంగతి చెబుతూనే ఉండేది. అక్క ఆగేది కాదు. నేను చప్పట్లు కొట్టాను.

సంఘంలో వాళ్లు చెప్పుకునే చదువు ఇదే. ఇది నిజంగానే నేను నేర్పాను.

తర్వాత అసలు పాళేల పని. పెద్దామెను నా బైకు వెనక ఎక్కించుకుని ఒక శనివారం పోయాను. ఆమె సభ్యుల ఇళ్లు చూపించాలి, నేను ఫోను మ్యాపులో ఒక్కో ఇంటి మీద ఒక్కో గుర్తు గుచ్చాలి. ఇది గంట పని అనుకున్నాను. సాయంత్రమైంది. ప్రతి మలుపులోనూ ఆమె నా భుజం తట్టేది.

"అబ్బయా, బండాపు."

దిగి, సోడా కొట్టువాణ్ణో, రొయ్యల గుంట కాపలా మనిషినో, వాకిలి ఊడుస్తున్న అమ్మాయినో, ఫలానావాళ్లిల్లు ఎటని అడిగేది. వాళ్లు చెప్పేవాళ్లు. దారి ఒక ముక్కలో అయిపోయేది. ఆ తర్వాత అల్లుడి సంగతి, మేక సంగతి, బోరు పడని సంగతి వచ్చేవి. ఒకచోట ఒక ఇంటి గుమ్మంలో నిలబడి దాని పక్కింటికి దారి అడిగింది. నేను బండి ఇంజను ఆపకుండా నిలబడ్డాను, అలాగైనా తొందరపడుతుందేమోనని. ఆమె పడలేదు.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. "పెద్దామెకు మతిమరుపు వచ్చిందక్కా. ఇన్నేళ్లు తిరిగిన ఇళ్లకే దారి అడుగుతోంది. నీకా అవస్థ లేదు. ఎవర్నీ ఏమీ అడగక్కర్లేదు."

ఫోను ఆమె స్కూటర్ మీద బిగించాను. చెవిలో పెట్టుకోవడానికి ఇయర్‌ఫోన్ ఇచ్చాను. లోపలున్న ఆడగొంతు కుడికి, ఎడమకి అని చెబుతుంది. మిద్దె ఇల్లు, రేకుల ఇల్లు, కొబ్బరిచెట్టు ఇల్లు అని గుర్తులకు పేర్లు కూడా పెట్టాను. గుర్తులన్నీ పసుపు రంగువే ఎంచుకున్నాను. అక్కకు అలవాటు కదా అని.

ఆమె ఒక్కసారి కూడా దారి తప్పలేదు. ఈ వాక్యం నేను ఇక్కడ గట్టిగా రాస్తున్నాను. పొద్దున పోయి, అన్ని ఇళ్లూ ముగించుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేది. పెద్దామె చీకటి పడ్డాక గాని వచ్చేది కాదు. అయ్యగారు మెచ్చుకున్నారు. నేను కొట్టుకొచ్చినవాళ్లకు చెప్పుకున్నాను. అక్క మాత్రం అన్నం కలుపుకుంటూ ఒకరోజు అంది.

"పాళెంలో నన్నెవురూ పలకరించడం లేదురా."

"మంచిదేగా. టైము మిగుల్తోంది."

"మిగిలింది నేనేం జేసుకోను?"

గేము ఆడుకో అన్నాను.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు మా ఇద్దర్నీ గదిలోకి పిలిచారు. పెద్దలు ఇద్దరు కూర్చుని ఉన్నారు.

"మైపాడు పక్క పాళెం నుంచి కబురొచ్చింది," అన్నారు అయ్యగారు. "ఈమెను పంపించొద్దంటున్నారు. ఎదురుగా నిలబడి పిలిచినా పలకదంట. అంత మిడిసిపాటు మనిషి మాకొద్దంటున్నారు."

అక్క మొహం నల్లబడింది. నాకు విషయం వెంటనే అర్థమైంది. చెవిలో ఇయర్‌ఫోన్. అది చెప్పాలి. చెబితే ఆ ఇయర్‌ఫోన్, ఫోను, గుర్తులు అన్నీ తీసెయ్యమంటారు. అవి నా పని. అప్పటికే చాలామందికి చెప్పుకున్న పని. ఇంకొకటి కూడా అనుకున్నాను. దారి తప్పడం పాపం కాదు, పలకకపోవడం పాపం, కాబట్టి మొదటిది చెబితే అక్కకు నయం అని. ఇది తర్వాత కల్పించుకున్న సమాధానమో అప్పుడే ఉన్నదో ఇప్పుడు తేల్చలేను.

"కొత్త కదండీ," అన్నాను. "దారి తప్పుతా ఉంది. ఆ కంగారులో వినపడి ఉండదు."

అయ్యగారు తల పంకించారు. "నేను ముందే అనుకున్నా."

"సముద్రం ఎంతకీ రాలేదన్న ఆమె గదా," అన్నాడు పెద్దాయన.

జనవరి నుంచి ఇంకో సహోదరిని చూస్తామన్నారు. కోపంగా అనలేదు. జాలిగా అన్నారు. అక్క వందనాలు చెప్పి లేచింది. బైకు ఎక్కి ఇంటికి బయల్దేరాం.

"నేను దారి తప్పలేదురా," అంది వెనక నుంచి. "ఒక్కనాడు గూడా తప్పలేదు. ఎందుకట్టా చెప్పినావు?"

"నీ మంచికే అక్కా."

"నా మంచైతే నాకు తెలిసేది గదా."

మర్నాడు పొద్దున మేడ మీదికి పోతే ఆమె లేదు. స్కూటర్ కింద ఉంది. ఫోను మంచం మీద ఉంది, ఇయర్‌ఫోన్ తీగ దాని చుట్టూ చక్కగా చుట్టిపెట్టి ఉంది. బస్సులో పోయిందన్నమాట. ఫోను లేకుండా పోయింది గనక దారి తప్పుతుందని నేను ఆ ఫోను జేబులో వేసుకుని బైకు మీద వెంటపడ్డాను.

పాళెంలో నా గుర్తులన్నీ సరిగ్గా ఉన్నాయి. ఒక్కొక్క ఇంటికీ పోయాను. మిద్దె ఇంట్లో రాలేదన్నారు. రేకుల ఇంట్లో రాలేదన్నారు. గుర్తులు అయిపోయాయి. ఇంకెక్కడికి పోవాలో ఫోనుకు తెలియదు, నాకూ తెలియదు. టీ కొట్టు దగ్గర బండి ఆపి అడిగాను.

"మా అక్కండీ. తెల్లచీర కట్టుకొని, బైబిలు సంచీ..."

"చెవిలో తీగ పెట్టుకొని పొయ్యే ఆమా?"

"ఆమే."

"చెవుడా ఆమెకు?"

"కాదండీ."

"మరింకేం రోగం?" అన్నాడు టీ కొట్టాయన. బెంచీ మీద ఉన్నవాళ్లు నన్ను కిందికీ మీదికీ చూశారు. ఎవరి తాలూకు, ఏ ఊరు, ఏం పని, పిల్లలెంతమంది, అన్నీ అయ్యాక ఒకాయన చెయ్యి చాపాడు. "అదిగో, వలలు కుట్టే ఆమె ఇంటికాడ కూచోనుంది పొద్దుట్నించి. ఆయమ్మ మాట్లాడ్డం లా. ఈమె లేవడం లా."

ఆ ఇల్లు మిద్దె ఇంటికి ఆనుకునే ఉంది. గోడకు గోడ. దాని మీద నేను గుర్తు గుచ్చలేదు. వాళ్లు మా సభ్యులు కారు, మా మతమూ కాదు. పెద్దామె నిలబడి పక్కింటికి దారి అడిగింది ఈ వాకిట్లోనే.

వల పెద్దది, వాకిలంతా పరుచుకుని ఉంది. ఒక కొసన ఆ ఇంటామె చిరిగిన కన్నులు కుడుతోంది. రెండో కొసన అక్క ఇసకలో కూర్చుని వల జారిపోకుండా పట్టుకుని ఉంది. నేను చుట్టూ తిరిగి దగ్గరికి పోయాను.

"ఈనెవురు?" అంది ఆమె. అడిగింది నన్నే.

"తమ్ముణ్ణండీ, ఈమెకి."

"మాట్లాడతావే నువ్వు. నీకు చెవులు పనిజేస్తన్నాయే."

అక్క తలెత్తలేదు. ఆమె సూది ఆపకుండా చెప్పుకుపోయింది. కొడుకుకు బోటు ఇంజను దగ్గర చెయ్యి కాలింది. నెల్లూరు ఆస్పత్రిలో పడుకోబెట్టారు. కోడలు పురిటికి పోయింది, ఇంట్లో లేగదూడ, నెల్లూరులో ఒక్క మనిషి తెలియదు. శనివారం శనివారం నెల్లూరు నుంచి ఒకామె పక్కింటికి వస్తోంది గదా, పోయేటప్పుడు ఒకసారి వాణ్ణి చూసి పొమ్మని అడగాలని వాకిట్లో నిలబడింది.

"మొదటి వారం పిలిచినా. ఫోను చూసుకుంటానే పక్కింట్లోకి పాయె. మళ్లా వారం గట్టిగా పిలిచినా. ఆ మళ్లా వారం చెయ్యి గూడా ఊపినా. ఫోను చూసుకుంటా నా ముందరే బండి తిప్పుకొని పాయె."

"నువ్వు నాకు కనపడలేదమ్మా," అంది అక్క.

"కనపడకేం. మనిషినే గదా."

ఆమె సూది ఆపింది. తర్వాత ఆమె నా వైపు తిరిగింది. "ఆ పెద్దామె వస్తే ముందు ఈడ నిలబడి పక్కిల్లు ఎటని అడిగేది."

"పక్కిల్లేగా?" అన్నాను.

"పక్కిల్లే. నేను కాపరానికొచ్చిన కాణ్ణించి అడగతానే ఉంది. తెలీకనా? మా వాకిట్లో పలకరించకుండా పక్కింటికి పోతే ఏం బాగుంటాది?"

నేను మతిమరుపు అనుకున్నది అది.

అక్కడ నిజం చెప్పడం తప్ప చేసే పని ఏమీ మిగల్లేదు. చెవిలో తీగ నేను పెట్టానని, ఎవర్నీ అడగొద్దని చెప్పింది నేనని, మీరు పిలిచింది ఆమెకు నిజంగానే వినపడలేదని చెప్పాను.

"నువ్వేం పనిజేస్తావు?"

"కంప్యూటర్లు బాగుచేస్తానండీ."

"బాగుచేసేదానికి ముందు ఇట్టా చెడగొడతావా?"

వల పక్కన నిలబడి వింటున్న ఇంకో ఇద్దరు ఆడవాళ్లు నవ్వారు. అక్క కూడా నవ్వినట్టు నాకు అనిపించింది గాని, అది నా మీద కోపం తగ్గి కాదు. ఆమె వల కొస జాగ్రత్తగా కింద పెట్టి లేచింది.

"ఏ వార్డమ్మా మీ వాడుండేది?"

ఆమె చెప్పింది. "నువ్విప్పుడు పోతావా?"

"పోతా. ఏమైనా ఇస్తావా?"

ఆమె లోపలికి పోయి చేపల పులుసు మూత గిన్నెలో పోసి, గుడ్డ కట్టి తెచ్చింది. "ఒలకనీకు," అంది నాతో. బైకు నడిపేది నేను, గిన్నె పట్టుకునేది అక్క అయినా, ఆమె నాతోనే అంది.

అక్క ఆ రోజు నా బైకు మీదే ఆస్పత్రికి పోయింది. ఆ అబ్బాయి ఎడమచేత్తో తిన్నాడు. కట్లు విప్పేదాకా ఆమె రోజూ పాళెంలో గిన్నె తీసుకుని ఆస్పత్రికి పోతూనే ఉంది. మొదటి రోజు తర్వాత నన్ను దింపమని అడగలేదు. ఏ దారిన పోయేదో నాకు తెలియదు.

గిన్నె చేర్చిన రోజు సాయంత్రమే నేను అయ్యగారింటికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పాను.

"అయితే దారి తప్పలేదంటావు."

"తప్పలేదండీ."

"తప్పకుండానే, పిలుస్తున్న మనిషి ముందర నుంచి పోయింది."

"అవునండీ."

"తప్పిందంటేనే బాగుండేది గదయ్యా."

నాకూ అలాగే అనిపించిందని చెప్పాను. నాకు అనిపించి చేసిన పనే ఇది కాబట్టి ఆయన దాన్ని మెచ్చుకోలేదు. "ఆమె సంగతి తర్వాత చూద్దాం. పెద్దల ముందర అబద్ధం చెప్పినావు. ఇప్పటికది సంఘమంతా పాకిపోయింది. ఆదివారం సాక్ష్యాలప్పుడు లేచి నిజం చెప్పు," అన్నారు.

మా ఆరాధనలో సాక్ష్యాల సమయం ఉంటుంది. జబ్బు నయమైనవాళ్లు, ఉద్యోగం వచ్చినవాళ్లు, తాగుడు మానినవాళ్లు లేచి చెబుతారు. కష్టంతో మొదలై విజయంతో ముగుస్తుంది. వాక్యానికొకసారి మిగతావాళ్లు ఆమెన్ అనో స్తోత్రం అనో అంటారు. నేను అంతకుముందు ఎప్పుడూ లేవలేదు. మైకు ఇచ్చారు.

"నేను మా అక్క చేత వీడియో గేము ఆడించాను," అన్నాను.

"ఆమెన్," అన్నారు వెనక వరసల్లో.

"గీత మీద నడవడం నేర్పించాను. మనుషుల్ని చూడొద్దన్నాను."

"స్తోత్రం."

"ఫోనులో గుర్తులు పెట్టాను. అది తప్పు."

"ఆమెన్."

"ఆమె దారి తప్పుతోందని పెద్దల ముందు చెప్పాను. అది అబద్ధం. మా అక్క ఒక్కసారి కూడా దారి తప్పలేదు."

దీనికి అన్నిటికంటే గట్టిగా స్తోత్రం అన్నారు. ముందు వరసలో ఒకామె కళ్లు తుడుచుకుంది. నేను ఇంకా చెప్పవలసింది ఉంది. వల కుట్టే ఆమె సంగతి, ఆస్పత్రి సంగతి, పెద్దామె సంగతి మొదలే పెట్టలేదు. కాని పాట ఎత్తుకోవడానికి అదే మంచి చోటని తబలా కొట్టే అతనికి అనిపించింది. అందరూ లేచి నిలబడి పాడారు. నేనూ పాడాను.

గేము ఆడించాడు, గీత చూపించాడు, గుర్తులు పెట్టాడు, అక్క ఒక్కసారి కూడా దారి తప్పలేదు. వాళ్లకు చేరింది ఇంతే. ఏడాది తిరిగేసరికి అది శాలువా అయింది.

ఆ ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తే గేటు దగ్గర వలలు కుట్టే ఆమె నిలబడి ఉంది. పాళెం నుంచి ఇంకో ఇద్దర్ని వెంటబెట్టుకుని బస్సులో వచ్చింది. మా వాళ్లు కారు కాబట్టి లోపలికి రాలేదు. పాట అయిపోయేదాకా ఎండలో నిలబడ్డారు. అయ్యగారు వాళ్ల దగ్గరికి పోయారు. పెద్దలూ పోయారు. అక్క రెండడుగులు వెనక నిలబడింది.

"సామీ, ఈమెనే పంపించండి," అంది ఆమె.

"వద్దని కబురు పెట్టింది మీరే గదమ్మా?"

"పెట్టినాం. అప్పుడు ఈమెకేం తెలీదు. ఇప్పుడు ఎవురింట్లో ఏముందో అన్నీ చెప్పుకున్నాం. కొత్తామెను పంపిస్తే మళ్లా మొదట్నించి చెప్పాల. మాకంత ఓపిక లేదు."

"ఆ పిల్లోడికి ఈమె రోజూ పోయి గిన్నె ఇచ్చొస్తా ఉంది," అంది పక్కనున్న ఇంకొకామె. "గిన్నెలు గూడా ఈమె కాడే ఉండాయి."

అయ్యగారు పెద్దల వైపు చూశారు. సముద్రం సంగతి ఎత్తే పెద్దాయన ఈసారి ఏమీ ఎత్తలేదు. "సరే," అన్నారు అయ్యగారు. "జనవరి నుంచి కూడా ఈమే."

అక్క తలొంచుకుని వందనాలంది. తర్వాత తలెత్తింది. "అయ్యగారూ, నేను దారి తప్పలేదు."

"విన్నానమ్మా. అందరం విన్నాం."

అక్క నా వైపు ఒకసారి చూసింది. వాళ్లను బస్సెక్కించి వస్తానని చెప్పింది. నలుగురూ కలిసి గేటు దాటారు.

మైపాడు బస్సు ఆగే చోటు మా చర్చి గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతలే ఉంటుంది. అక్క ఎవరెవర్ని పలకరించుకుంటూ పోయిందో, సాయంత్రానికి ఇంటికొచ్చింది.